ఫస్టియర్ అకర్బన రసాయనం: ఏది లెక్కగట్టాలి, ఏది కంఠతా పట్టాలి

ఇంటర్‌లో అకర్బన రసాయనం అంటే పరీక్షకు వారం ముందు బట్టీ పట్టే సబ్జెక్టు. బిట్లు పెట్టడానికి ఆ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. డిగ్రీలో సరిపోదు. ఇక్కడ ప్రశ్న "గాలియం అయనీకరణ శక్తి ఎంత?" అని రాదు, "అల్యూమినియం కన్నా గాలియంకు ఎందుకు తగ్గలేదు?" అని వస్తుంది. నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని బీఎస్సీ కాలేజీల్లో మొదటి ఏడాది అకర్బన భాగమంటే దాదాపుగా మూడే: రసాయన బంధం, పి బ్లాక్ మూలకాలు, లాబ్‌లో లవణ విశ్లేషణ. చూడడానికి చిన్నది. కానీ పేజీ పేజీకీ వందల విడి విషయాలు ఎదురవుతాయి.

అందుకే చదివే ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టండి. కారణం నుంచి రాబట్టగలిగినదానికి ఒక గుర్తు, రాబట్టలేనిదానికి ఇంకో గుర్తు. మొదటి రకాన్ని కంఠతా పట్టకండి, కాగితం మీద పదిసార్లు రాబట్టండి. రెండో రకాన్ని చీటీల మీద రాసి బస్సులో తిరగేయండి. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో రోజూ పాస్ మీద తిరిగేవాళ్లకు చీటీలకు కావలసినంత సమయం దొరుకుతుంది. కాగితం పెన్ను పనిని మాత్రం బస్సుకు వదలొద్దు.

రెండో రకంలో నిజంగా ఉండేవి చాలా తక్కువ. మొదటి 36 మూలకాలు, వాటి గ్రూపులు, ఏ అయాన్‌కు ఎంత ఆవేశం, లవణ విశ్లేషణలో గ్రూపు కారకాలు (ధన అయాన్లను గుంపులుగా అవక్షేపం చేసే రసాయనాలు), అవక్షేపాల రంగులు. వీటికి ఒక నెల చాలు.

ఖాళీ పట్టికతో మొదలు

తెల్ల కాగితం మీద 18 నిలువు గళ్లు గీసి మూలకాలు నింపడం మొదటి రెండు వారాల పని. రోజుకు ఒకసారి, పుస్తకం మూసి. చాలామంది హైడ్రోజన్, హీలియం, లిథియం అంటూ అడ్డంగా చెప్పుకుంటూ పోతారు. అలా నేర్చుకుంటే ఆర్సెనిక్ ఏ గ్రూపులో ఉందని అడిగితే మొదటినుంచి లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది. నిలువుగా నింపండి: బోరాన్, అల్యూమినియం, గాలియం, ఇండియం, థాలియం; పక్క వరసలో కార్బన్, సిలికాన్, జెర్మేనియం, టిన్, లెడ్. పి బ్లాక్ పాఠం అంతా ఈ నిలువు వరసల మీదే నడుస్తుంది.

తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చినవాళ్లు నోటుబుక్ చివర రెండు గళ్ల పట్టిక పెట్టుకోవాలి. ద్రావణీయతా లబ్ధం, పరిరక్షక ప్రభావం, జాలక శక్తి వంటి మాటలు ఓ యాభై ఉంటాయి. మీకు విషయం ఇదివరకే తెలుసు, పేరు మాత్రమే కొత్త. ఆ తేడా తెలియక ఉన్నదాన్నే మళ్లీ మొదటినుంచి చదివేవాళ్లు ఎక్కువ.

స్లేటర్ లెక్క చేతితో చేయండి

పరమాణు సైజు, అయనీకరణ శక్తి, ఋణవిద్యుదాత్మకత: ఇవన్నీ ఒకే ప్రశ్న మీద నిలబడ్డాయి. బయటి ఎలక్ట్రాన్‌ను కేంద్రకం నిజంగా ఎంత బలంగా లాగుతోంది? దాన్ని సుమారుగా చెప్పేవే స్లేటర్ నియమాలు.

ముందు ఎలక్ట్రాన్లను గుంపులుగా రాయండి: (1ఎస్) (2ఎస్, 2పి) (3ఎస్, 3పి) (3డి) (4ఎస్, 4పి). మీరు చూస్తున్నది ఎస్ లేదా పి ఎలక్ట్రాన్ అయితే, దాని గుంపులోనే ఉన్న ప్రతి తోటి ఎలక్ట్రాన్‌కు 0.35, ఒక కర్పరం లోపల ఉన్న ప్రతిదానికి 0.85, ఇంకా లోపలివాటికి 1 చొప్పున కూడండి. డి ఎలక్ట్రాన్ అయితే తన గుంపువాటికి 0.35, ఎడమ పక్కనున్న గుంపులన్నిటికీ 1. 1ఎస్‌లో తోటిదానికి మాత్రం 0.30. వచ్చిన మొత్తాన్ని పరమాణు సంఖ్యలోంచి తీసేస్తే ప్రభావక కేంద్రకావేశం వస్తుంది.

పొటాషియంతో చేసి చూడండి. పంతొమ్మిదో ఎలక్ట్రాన్ 4ఎస్‌లో ఉంటే: 8 × 0.85 + 10 × 1 = 16.8. మిగిలేది 2.2. అదే ఎలక్ట్రాన్ 3డిలో ఉంటే లోపలి 18 ఎలక్ట్రాన్లూ ఒక్కొక్కటి 1 చొప్పున కప్పేస్తాయి, మిగిలేది 1. 4ఎస్ ఎందుకు ముందు నిండుతుందో ఇక కంఠతా పట్టాల్సిన పని లేదు.

తర్వాత జింక్. 4ఎస్ ఎలక్ట్రాన్‌కు: 0.35 + 18 × 0.85 + 10 = 25.65, 30లోంచి తీస్తే 4.35. 3డి ఎలక్ట్రాన్‌కు: 9 × 0.35 + 18 = 21.15, మిగిలేది 8.85. నిండేటప్పుడు 4ఎస్ ముందు, పోయేటప్పుడూ 4ఎస్సే ముందు. ఫెర్రస్ అయాన్ విన్యాసాన్ని 3డి4 4ఎస్2 అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. సరైనది 3డి6. ఇనుముకు ఈ లెక్క మీరే వేయండి: 4ఎస్‌కు 3.75, 3డికి 6.25 రావాలి. రాకపోతే ఎక్కువగా జరిగే తప్పు ఇదీ: చూస్తున్న ఎలక్ట్రాన్‌ను కూడా లెక్కలో కలిపేయడం.

ఈ లెక్క ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసి ఉండాలి. స్లేటర్ 2ఎస్‌నూ 2పినీ ఒకే గుంపులో వేశాడు. అందువల్ల బెరీలియంకు 1.95, బోరాన్‌కు 2.60 అని వచ్చి బోరాన్ అయనీకరణ శక్తే ఎక్కువ ఉండాలనిపిస్తుంది. నిజానికి బెరీలియంది మోల్‌కు 899 కిలోజౌళ్లు, బోరాన్‌ది 801. 2ఎస్ ఎలక్ట్రాన్ కేంద్రకం దగ్గరికి చొచ్చుకుపోతుంది, 2పి అంతగా పోలేదు. నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314 దగ్గర కారణం మళ్లీ వేరు: ఆక్సిజన్‌లో నాలుగో పి ఎలక్ట్రాన్ జతపడాలి, జతలో వికర్షణ ఉంటుంది. ఇలాంటి మెట్టు దిగినట్టుండే చోట్లే పరీక్షలో అడుగుతారు. క్రమం అడిగేది తక్కువ, క్రమం తప్పిన చోటు అడిగేది ఎక్కువ.

ఇంకో మూడు మినహాయింపులను సంఖ్యలతో సహా నోటుబుక్‌లో పెట్టుకోండి. అల్యూమినియం 578, గాలియం 579: మధ్యలో దూరిన పది 3డి ఎలక్ట్రాన్లు సరిగా కప్పవు. జిర్కోనియం, హాఫ్నియం లోహ వ్యాసార్ధాలు రెండూ 160 పికోమీటర్ల దగ్గరే: లాంథనైడ్ సంకోచం, అంటే 4ఎఫ్ ఎలక్ట్రాన్లు సరిగా కప్పక సైజు తగ్గడం. ఎలక్ట్రాన్ అఫినిటీ ఫ్లోరిన్‌కు 328, క్లోరిన్‌కు 349: ఫ్లోరిన్ 2పిలో చోటు మరీ ఇరుకు, వచ్చే ఎలక్ట్రాన్‌ను ఉన్నవి నెట్టేస్తాయి. ఫ్లోరిన్ అణువులో బంధం బలహీనంగా (158 కిలోజౌళ్లు, క్లోరిన్‌కు 242) ఉండడానికి కూడా ఇలాంటి వికర్షణే కారణం. ఒక్క కారణంతో రెండు ప్రశ్నలకు జవాబు.

బంధం: మూడు లెక్కలు, మూడు తప్పులు

బార్న్–హేబర్ వలయాన్ని (జాలక శక్తిని మెట్లవారీగా రాబట్టే లెక్క) సోడియం క్లోరైడ్‌తో ఒకసారి పూర్తిగా చేయండి. సోడియం ఉత్పతనం +108, అయనీకరణం +496, క్లోరిన్ వియోగంలో సగం +121, ఎలక్ట్రాన్ చేరిక −349. మొత్తం +376. సంఘటనోష్ణం −411. కాబట్టి జాలక శక్తి −411 − 376 = −787 కిలోజౌళ్లు. తప్పులు దాదాపు ఎప్పుడూ రెండే చోట్ల: 242ను సగం చేయకపోవడం, 349 ముందు గుర్తు తారుమారు కావడం. పట్టికలో "ఎలక్ట్రాన్ అఫినిటీ 349" అని ధనాత్మకంగా ఇస్తే అది విడుదలయ్యే శక్తి. వలయంలో ఋణ గుర్తుతోనే వేయాలి. మెగ్నీషియం క్లోరైడ్ ఇస్తే రెండో అయనీకరణ శక్తి కలపాలి, క్లోరిన్‌ను సగం చేయకూడదు, ఎలక్ట్రాన్ చేరికను రెండుసార్లు వేయాలి.

అయాన్ల ఆవేశం ఎంత ముఖ్యమో చూడాలంటే సోడియం ఫ్లోరైడ్‌నూ మెగ్నీషియం ఆక్సైడ్‌నూ పక్కపక్కన పెట్టండి. అయాన్ల మధ్య దూరం పెద్ద తేడా లేదు. జాలక శక్తి మొదటిదానికి సుమారు 920, రెండోదానికి సుమారు 3800. ఆవేశాల లబ్ధం 1 నుంచి 4కి పెరిగింది, శక్తీ దాదాపు నాలుగింతలైంది.

అణు ఆర్బిటాల్ సిద్ధాంతంలో అందరూ పడే గుంత ఒకటే. నైట్రోజన్ వరకు π (పై) 2పి స్థాయి కింద, సిగ్మా 2పి పైన ఉంటాయి. ఆక్సిజన్, ఫ్లోరిన్‌లలో సిగ్మా కిందికి దిగుతుంది. ఒకే బొమ్మ నేర్చుకుని అన్నిటికీ వాడితే బోరాన్ అణువుకు పారాఅయస్కాంతత్వం రాదు, జవాబు తప్పవుతుంది. ఆక్సిజన్‌కు బొమ్మ గీయగానే ఆగకుండా దాని అయాన్లకూ బంధక్రమం వేయండి: ధన అయాన్ 2.5, ఆక్సిజన్ 2, సూపరాక్సైడ్ 1.5, పెరాక్సైడ్ 1. బంధదైర్ఘ్యం కూడా అదే వరసలో పెరుగుతుంది. ఆక్సిజన్‌లో 121, పెరాక్సైడ్‌లో దాదాపు 149 పికోమీటర్లు. నాలుగు అణువులకు ఒకే బొమ్మ చాలు, పై నుంచి ఎలక్ట్రాన్లు తీయడమో వేయడమో తప్ప.

అణువుల ఆకృతికి కుదించిన లెక్క ఒకటుంది. మధ్య పరమాణువు బాహ్య ఎలక్ట్రాన్లు రాయండి. చుట్టూ ఉన్న ప్రతి హైడ్రోజన్ లేదా హాలోజన్‌కు ఒకటి కలపండి. ఆక్సిజన్‌కు సున్నా. ఋణావేశం ఉంటే కలపండి, ధనావేశం ఉంటే తీసేయండి. రెండుతో భాగిస్తే జంటల సంఖ్య వస్తుంది. జినాన్ టెట్రాఫ్లోరైడ్: 8 + 4 = 12, ఆరు జంటలు, నాలుగు బంధాలు, రెండు ఒంటరి జంటలు, సమతల చతురస్రం. క్లోరిన్ ట్రైఫ్లోరైడ్: 7 + 3 = 10, అయిదు జంటలు, రెండు ఒంటరివి. ఆ రెండూ మధ్యరేఖ తలంలో కూర్చుంటాయి, అణువు టి ఆకారంలోకి వస్తుంది. ట్రైఅయొడైడ్ అయాన్‌కు 7 + 2 + 1 = 10, మూడు ఒంటరి జంటలు, సరళరేఖ. ఒంటరి జంటను ఎక్కడ పెట్టాలన్న దగ్గర తడబడితే, 90 డిగ్రీల వికర్షణలు ఎక్కడ తక్కువ పడతాయో లెక్కపెట్టండి.

ఫాజన్స్ నియమాలు (అయానిక బంధంలో సమయోజనీయ స్వభావం ఎంతో చెప్పేవి) ఒక సాయంత్రం పని. వాటి మీద వారం పెట్టకండి.

పి బ్లాక్‌ను పేరాలుగా చదవొద్దు

పుస్తకాలు మూలకం తర్వాత మూలకంగా రాస్తాయి: తయారీ, ధర్మాలు, ఉపయోగాలు. అలా చదివితే పేజీలు అవుతాయి గానీ గుర్తుండదు. ఒక గ్రూపుకు ఒక కాగితం తీసుకుని నిలువుగా మూలకాలు, అడ్డంగా ఆక్సీకరణ స్థితులు, హైడ్రైడ్, ఆక్సైడ్ స్వభావం, హాలైడ్ రాయండి. అప్పుడు కిందికి పోతున్నకొద్దీ ఏం మారుతోందో కంటికే కనిపిస్తుంది. లెడ్ దగ్గర +4 అస్థిరం, +2 స్థిరం. బయటి ఎస్ జంట బంధంలోకి రావడానికి మొరాయించే జడ జంట ప్రభావం అదే. లెడ్ టెట్రాఅయొడైడ్ ఎందుకు ఉండదన్న ప్రశ్నకు జవాబూ అక్కడే ఉంది: లెడ్ +4 అయొడైడ్‌ను ఆక్సీకరించి తాను +2కి దిగిపోతుంది.

డైబోరేన్‌కు కథలు వద్దు, ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. రెండు బోరాన్లవి 6, ఆరు హైడ్రోజన్లవి 6, మొత్తం 12. చివరి నాలుగు బంధాలకు 8 పోతే మిగిలేవి నాలుగే. రెండు వారధి హైడ్రోజన్లకు అవే సర్దుకోవాలి, ఒక్కో వారధిలో మూడు పరమాణువులకు రెండు ఎలక్ట్రాన్లు. అందుకే వారధి బంధం (సుమారు 133 పికోమీటర్లు) చివరి బంధం (సుమారు 119) కన్నా పొడవు.

ఫాస్ఫరస్ ఆమ్లాల క్షారత ఫార్ములా చూసి చెప్పేది కాదు. ఫాస్ఫరస్ ఆమ్లంలో మూడు హైడ్రోజన్లున్నా ఒకటి నేరుగా ఫాస్ఫరస్‌కే అంటుకుని ఉంది, అది విడిపోదు. ద్విక్షార ఆమ్లం. హైపోఫాస్ఫరస్‌లో రెండు అలా అంటుకున్నాయి, ఏకక్షారం. నిర్మాణం గీసి హైడ్రాక్సిల్ గుంపులు లెక్కపెట్టడం తప్ప దగ్గరి దారి లేదు. గంధకం ఆమ్లాలకూ అంతే.

బోరాన్ హాలైడ్ల లూయీ ఆమ్ల బలం ఫ్లోరైడ్ < క్లోరైడ్ < బ్రోమైడ్. ఋణవిద్యుదాత్మకత చూసి తిరగేసి రాసేవాళ్లే ఎక్కువ. ఫ్లోరిన్ 2పి ఒంటరి జంట బోరాన్ ఖాళీ 2పిలోకి బాగా సరిపోతుంది, దాంతో బోరాన్ ఆకలి ముందే కొంత తీరిపోతుంది.

ఫ్లోరైడ్: మన జిల్లా నీళ్లతోనే ద్రావణీయతా లబ్ధం

లాబ్‌లో గ్రూపులు ఎందుకు విడిపోతాయో అర్థం కావాలంటే ద్రావణీయతా లబ్ధం (సంతృప్త ద్రావణంలో అయాన్ల గాఢతల లబ్ధం) చేతికి రావాలి. దానికి పుస్తకంలోని సిల్వర్ క్లోరైడ్ లెక్కకన్నా నల్గొండ బోరు నీళ్ల లెక్క మంచిది.

తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మన దేశపు ప్రమాణం 1 లోపు ఉంటే మంచిదంటుంది. కాల్షియం ఫ్లోరైడ్ ద్రావణీయతా లబ్ధం 25 డిగ్రీల వద్ద సుమారు 3.9 × 10⁻¹¹. ఇప్పుడు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు ఉన్న నీళ్లలో కాల్షియం గరిష్ఠంగా ఎంత ఉండొచ్చు? 1.5ను 19తో భాగిస్తే 7.9 × 10⁻⁵ మోల్. దాని వర్గం 6.2 × 10⁻⁹. లబ్ధాన్ని దీంతో భాగిస్తే 6.3 × 10⁻³ మోల్, అంటే లీటరుకు 250 మిల్లీగ్రాముల కాల్షియం. అదే ఫ్లోరైడ్ 5 మిల్లీగ్రాములైతే కాల్షియం 23 మిల్లీగ్రాములు దాటలేదు. తిరగేసి చదవండి: కాల్షియం తక్కువున్న నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ కరిగి ఉండగలదు. గ్రానైట్ రాళ్లలోంచి వచ్చే నీళ్లలో సోడియం బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం పడిపోయిన చోట ఫ్లోరైడ్ పెరగడానికి ఒక కారణం ఇదే. ఇక్కడ వర్గం మరిచిపోవడం మామూలు తప్పు: కాల్షియం ఫ్లోరైడ్‌లో ఫ్లోరైడ్లు రెండు.

మరి సున్నం వేస్తే కాల్షియం పెరిగి ఫ్లోరైడ్ దిగిపోదా? కాల్షియం ఫ్లోరైడ్‌ను శుద్ధ జలంలో సంతృప్తం చేస్తేనే ఫ్లోరైడ్ లీటరుకు 8 మిల్లీగ్రాములు కరిగి ఉంటుంది. లెక్క మీరే వేయండి, లబ్ధాన్ని 4తో భాగించి ఘనమూలం తీయాలి. ఇంకా తగ్గాలంటే సున్నం చాలా అధికంగా పోయాలి, అప్పుడు పీహెచ్ 12 దాకా పోయి ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. నాగ్‌పూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించి, ఈ జిల్లా పేరుతోనే నల్గొండ పద్ధతి అని ప్రపంచమంతా పిలిచే విధానంలో అందుకే పటిక ఉంది. ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్, తర్వాత పటిక వేసి కలుపుతారు. పటికలోని అల్యూమినియం జలవిశ్లేషణ చెంది హైడ్రాక్సైడ్ మడ్డిగా మారి ఫ్లోరైడ్‌ను తనకు అంటించుకుని అడుగుకు దిగుతుంది. ఆ జలవిశ్లేషణలో ఆమ్లం పుడుతుంది, దాన్ని సున్నం చంపుతుంది. అందుకే సున్నం పటికలో ఇరవయ్యో వంతు దగ్గర చాలు. బ్లీచింగ్ పౌడర్ క్రిములకు. అల్యూమినియం ద్విస్వభావం, జలవిశ్లేషణ, అధిశోషణం, ద్రావణీయతా లబ్ధం: నాలుగు పాఠాలు ఒక్క బకెట్‌లో ఉన్నాయి.

లవణ విశ్లేషణ: మార్కులు ఇక్కడ పోతాయి

థియరీలో బాగా రాసేవాళ్లు కూడా లాబ్‌లో చిక్కుకుంటారు. చాలాసార్లు తప్పు రసాయనంలో ఉండదు, చేతిలో ఉంటుంది.

మొదటిది నీళ్లు. కుళాయి నీళ్లతో టెస్ట్ ట్యూబ్ కడిగి అలాగే వాడితే సిల్వర్ నైట్రేట్ వేయగానే తెల్లగా వస్తుంది, మీ లవణంలో క్లోరైడ్ లేకపోయినా. ఇక్కడి బోరు నీళ్లలో క్లోరైడ్, కాల్షియం, బైకార్బొనేట్ దండిగా ఉంటాయి. చివరి కడుగు ఎప్పుడూ డిస్టిల్డ్ వాటర్‌తోనే. అనుమానం వస్తే లవణం లేకుండా వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో అదే పరీక్ష చేయండి. అందులోనూ వస్తే లవణాన్ని నిందించొద్దు.

రెండోది మోతాదు. సెమీమైక్రో పద్ధతిలో లవణం కందిగింజంత, అంటే 50 నుంచి 100 మిల్లీగ్రాములు చాలు. ద్రావణం ఒక మిల్లీలీటరు. కారకం చుక్కల్లో. స్పూన్లతో వేస్తే అవక్షేపం కడగడానికే గంట పోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో ఎదురు గాడిలో అంతే ఎత్తు నీళ్లున్న ట్యూబ్ పెట్టాలి. తిరగడం ఆగాక పైనున్న తేట ద్రావణంలోకి గోడ వెంట ఇంకో చుక్క కారకం వదలండి. మబ్బు రాకపోతేనే అవక్షేపణ పూర్తయినట్టు. ఈ ఒక్క చుక్క మానేసినందువల్ల మొదటి గ్రూపు కాటయాన్ (ధన అయాన్) తర్వాతి గ్రూపుల్లోకి జారి అన్నిటినీ గందరగోళం చేస్తుంది.

ఆనయాన్లు (ఋణ అయాన్లు) ముందు. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కార్బొనేట్, సల్ఫైడ్, సల్ఫైట్, నైట్రైట్. గాఢ ఆమ్లంతో హాలైడ్లు, నైట్రేట్. తర్వాత సోడియం కార్బొనేట్ సారం: లవణానికి రెండు మూడింతల శుద్ధ సోడియం కార్బొనేట్, డిస్టిల్డ్ వాటర్, పది నిమిషాలు మరిగించి వడపోత. దీన్ని తటస్థీకరించే ఆమ్లం పరీక్షను బట్టి మారుతుంది. సిల్వర్ నైట్రేట్ పరీక్షకు నైట్రిక్ ఆమ్లం, బేరియం క్లోరైడ్ పరీక్షకు హైడ్రోక్లోరిక్. తటస్థీకరించకుండా సిల్వర్ నైట్రేట్ వేస్తే వచ్చేది సిల్వర్ కార్బొనేట్. కార్బొనేట్ పరీక్షను సారంతో చేయడం మాత్రం అర్థం లేని పని, మీరే వేశారు కదా. దాన్ని అసలు లవణంతోనే చేయాలి.

నైట్రేట్‌ను పట్టే గోధుమ వలయానికి ఫెర్రస్ సల్ఫేట్ ఆ రోజే కలిపినదై ఉండాలి. పాతది ఫెర్రిక్‌గా మారి పసుపెక్కి ఉంటుంది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని వాల్చిన ట్యూబ్ గోడ వెంట మెల్లగా వదిలి, కదపకుండా నిలబెట్టాలి. బ్రోమైడ్, అయొడైడ్, నైట్రైట్ ఉంటే ముందు వాటిని తీసేయకపోతే వలయాన్ని నమ్మొద్దు. క్లోరైడ్‌ను పట్టే క్రోమిల్ క్లోరైడ్ పరీక్షలో లవణం, డైక్రోమేట్, ట్యూబ్ అన్నీ పొడిగా ఉండాలి. తడి ఉంటే క్రోమిల్ క్లోరైడ్ పుట్టగానే నాశనమవుతుంది.

అమ్మోనియంను మొదటే, అసలు లవణంతో, సోడియం హైడ్రాక్సైడ్ వేసి వేడి చేసి చూడాలి. మూడో గ్రూపులో మీరే అమ్మోనియం క్లోరైడ్ వేస్తారు, ఆ తర్వాత చూస్తే ప్రతి లవణంలోనూ ఉంటుంది.

ఇక కాటయాన్లు. మొదటి గ్రూపులో ద్రావణం వేడిగా ఉంటే లెడ్ క్లోరైడ్ కరిగిపోతుంది. చల్లార్చి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. అయినా లెడ్ కొంత రెండో గ్రూపులోకి వెళ్తుంది, అది తప్పు కాదు.

రెండో గ్రూపులో ఆమ్ల గాఢత 0.3 మోలార్ దగ్గర ఉండాలి. ఇది గ్రూపు గుండె లాంటి విషయం. ఆమ్లం హైడ్రోజన్ సల్ఫైడ్ వియోగాన్ని అణిచి సల్ఫైడ్ అయాన్లను అతి తక్కువగా ఉంచుతుంది. కాపర్, లెడ్, కాడ్మియంలకు అంతే చాలు, జింక్‌కు చాలదు. ఆమ్లం ఎక్కువైతే కాడ్మియం, లెడ్ రాకుండా పోతాయి. తక్కువైతే జింక్ ఇక్కడే దిగుతుంది. ద్రావణంలో నైట్రిక్ ఆమ్లం వంటి ఆక్సీకారిణి ఉంటే లేత పసుపు గంధకం మబ్బుగా వస్తుంది. దాన్ని కాడ్మియం సల్ఫైడ్ అని రాసేసినవాళ్లు తక్కువేం కాదు.

మూడో గ్రూపుకు ముందు చేయాల్సింది చాలా ఉంది, చాలామంది దాటేసేదీ ఇదే. హైడ్రోజన్ సల్ఫైడ్ మొత్తం పోయేదాకా మరిగించండి, లెడ్ ఎసిటేట్ కాగితం నల్లబడకూడదు. ఆ తర్వాతే రెండు మూడు చుక్కల గాఢ నైట్రిక్ ఆమ్లం వేసి మళ్లీ మరిగించండి, ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారుతుంది. వాయువు ఉండగానే నైట్రిక్ వేస్తే సల్ఫేట్ పుట్టి బేరియం, స్ట్రాన్షియంలను ఇక్కడే కూల్చేస్తుంది, అయిదో గ్రూపు ఖాళీగా కనిపిస్తుంది. వాయువును వదిలేసి అమ్మోనియా వేస్తే నాలుగో గ్రూపు సల్ఫైడ్లు ముందే నల్లగా దిగుతాయి. అమ్మోనియం క్లోరైడ్ ఘనరూపంలో బాగానే వేయాలి; అది ఉమ్మడి అయాన్ ప్రభావంతో హైడ్రాక్సైడ్‌ను తగ్గించి మెగ్నీషియం, మాంగనీస్‌లు పడకుండా ఆపుతుంది. తర్వాత వాసన వచ్చేదాకా అమ్మోనియా. తెల్ల జిగురైతే అల్యూమినియం, ఎర్రమట్టి రంగైతే ఇనుము, బూడిద ఆకుపచ్చైతే క్రోమియం.

మిశ్రమంలో ఆక్సలేట్, ఫ్లోరైడ్, బోరేట్, ఫాస్ఫేట్ ఉంటే ఇవన్నీ మూడో గ్రూపుకు ముందే తొలగాలి. ఆమ్లంలో కరిగి ఉన్న కాల్షియం ఆక్సలేట్, బేరియం ఫాస్ఫేట్ వంటివి అమ్మోనియా వేయగానే అవక్షేపమై మూడో గ్రూపు లోహంలా కనిపిస్తాయి. ఆక్సలేట్‌కు గాఢ నైట్రిక్ ఆమ్లంతో, ఫ్లోరైడ్ బోరేట్‌లకు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మళ్లీమళ్లీ ఇగిర్చాలి. ఫ్యూమ్ కప్‌బోర్డ్‌లోనే చేయండి, పని చేయకపోతే కిటికీలన్నీ తెరిచి.

నాలుగో గ్రూపులో తికమక తక్కువ: జింక్ తెలుపు, మాంగనీస్ లేత గులాబీ కలిసిన తోలు రంగు, కోబాల్ట్ నికెల్ నలుపు. నికెల్‌కు అమ్మోనియా ద్రావణంలో డైమిథైల్‌గ్లయాక్సిమ్ వేస్తే గులాబీ ఎరుపు.

అయిదో గ్రూపులో అమ్మోనియం కార్బొనేట్ వేసి గోరువెచ్చగా మాత్రమే చేయండి, 60 డిగ్రీలు దాటితే కార్బొనేటే విడిపోతుంది. అవక్షేపాన్ని వేడి ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, బేరియం, స్ట్రాన్షియం, కాల్షియం అనే వరసలోనే చూడాలి: క్రోమేట్, సల్ఫేట్, ఆక్సలేట్. వరస మారిస్తే బేరియం అన్నిటిలోనూ జవాబిస్తుంది. జ్వాలలో బేరియం లేత ఆకుపచ్చ, స్ట్రాన్షియం చిక్కటి ఎరుపు, కాల్షియం ఇటుక ఎరుపు. తీగను గాఢ హైడ్రోక్లోరిక్‌లో ముంచి రంగు లేకుండా పోయేదాకా కాల్చకపోతే చేతి చెమటలోని సోడియమే పసుపుగా మండుతుంది.

మెగ్నీషియం చివర. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్, అమ్మోనియా వేసి గాజు కడ్డీతో ట్యూబ్ లోపలి గోడను గీకి, అయిదు నిమిషాలు ఆగండి. వెంటనే రాలేదని "లేదు" అని రాసేస్తారు. స్ఫటికాలు గీసిన గీతల వెంట మెల్లగా మొదలవుతాయి.

ప్రాక్టికల్ పరీక్షలో మొదటి ముప్పావు గంట దాటకుండా రెండు ఆనయాన్లూ తేలాలి. రెండో కాటయాన్ దొరకకపోతే మొత్తం మళ్లీ మొదలుపెట్టకండి. దాచిన మూడో గ్రూపు తేట ద్రావణం దగ్గరికి వెళ్లి అమ్మోనియా వాసన ఉందా, అమ్మోనియం క్లోరైడ్ వేశారా అని చూడండి. అక్కడ బాగానే ఉంటే రెండో గ్రూపు ముందు ఆమ్లం ఎన్ని చుక్కలు వేశారో రికార్డులో చూసి, నీళ్లతో పలచన చేసి మళ్లీ వాయువు పంపండి. అందుకే ప్రతి గ్రూపు తేట ద్రావణాన్ని చీటీ అంటించిన ట్యూబ్‌లో ఉంచాలి, సింక్‌లో పారబోసేది అన్నీ తేలాకే.